గోనెతెర

గుర్ల దారిలో కోళ్లఫారం.
తెల్లారితే మాంసం లారీ వస్తుందంటే
రాత్రికి రాత్రే వెళ్లాం, నేనూ, అసిరయ్య ఆటో.
"డెబ్బైయెనిమిది వారాలు నిండిపోయాయమ్మా,
మేతకి తగ్గ గుడ్డు రాదు" అన్నాడు సూపర్‌వైజరు.
అచ్చం ఆ మాటే, అంకెలు వేరు,
జూట్ మిల్లు గేటు మీద కాగితం అంటించిననాడు చదివాను.
కిలో లెక్కన తూచి ఇచ్చాడు.
నా చీరకొంగు ముడిలో ఉన్నంతకి
పదకొండొచ్చాయి.

గోనెసంచుల్లో వేసి తెచ్చాం.
ఆ పోగు నాకు తెలుసు,
ముప్పైయేళ్లు ఎ షిఫ్టులో నా వేళ్ల మధ్య నుంచి పోయింది.
దారి పొడుగునా ఒక్కటీ అరవలేదు.
"సచ్చిపోనాయేటి అప్పా?" అని
అసిరయ్య రెండుసార్లు ఆటో ఆపాడు.

చంపావతి ఒడ్డున నా మడి మూడు సెంట్లు.
బచ్చలి, ఆనప పందిరి, చివర రేకుల గూడు,
లోపల వెదురు దండెం, గుమ్మానికి గోనెతెర.
సంచుల మూతి విప్పాను. తెల్లారింది.
అవి కదల్లేదు.
మడంతా ఖాళీగా పడి ఉండగా
జానెడు జాగాలో ఒకదాన్నొకటి ఒరుసుకుని
లేని తీగలకి తల తగలకుండా
వంగి నిలబడ్డాయి.

ముక్కు కొసలు చిన్నప్పుడే కాల్చేశారు.
గోళ్లు కొంకులు తిరిగిపోయాయి.
పాలిపోయిన తురాయి కంటి మీదికి వాలి ఉంది.
దాలమ్మ కంచె మీంచి తొంగి చూసింది.
"ఓలమ్మ, ఇవేటే! కోళ్లా, పీకీసిన కోళ్లా?
గుడ్డెట్టవు, కూరకి రావు, ఏటికి తెచ్చావే?"
జవాబు లేదు నా దగ్గర.
కత్తెర తెచ్చి గోళ్లు తీస్తూ కూర్చున్నాను.

నేల మీద నూకలు చల్లితే చూడలేదు.
వానపాము కనబడితే పారిపోయాయి.
పాత పైపు నిలువునా చీల్చి, అందులో నూకలు పోసి
అంచు మీద గరిటెతో టకటకా కొడితే
అప్పుడు తిన్నాయి, అన్నీ ఒకేసారి.
మూడోనాడు ఒకటి పోయింది.
దాలమ్మ అడగలేదు, నేను ఇవ్వలేదు.
ఆనపపాదు మొదట్లో గొయ్యి తీశాను.

సాయంత్రమైతేనే తంటా.
స్విచ్చి ఆపితే రాత్రి, వేస్తే పగలు;
ఇలా కొంచెం కొంచెంగా పొద్దు వాలుతుందని
వాటికెవరు చెప్పారు?
నేల మీదే కుప్పగా పడుకుండిపోయేవి.
ఒక్కొక్కదాన్నీ ఎత్తి దండెం మీద కూర్చోబెట్టాలి.
పట్టుకుంటే అంతా ఎముకే, ఎముక వెనక గుండె,
కండె తిరిగినంత జోరు.
పదిసార్లు వంగడం, పదిసార్లు లేవడం.
మిల్లు మూసి ఎన్నేళ్లో, ఇప్పటికీ
నాలుగున్నరకి మెలకువొచ్చి
కూత కోసం చెవి అటే పోతుంది.
ఒకనాటి రాత్రి ఆ సంగతి వాటికి చెప్పాను.
వాటికేం, నిద్రపోయాయి.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం
పొయ్యి బూడిద పోసే చోట
మెడ మీద ఈక లేనిది పక్కకి ఒరిగింది,
రెక్క విప్పింది, కాళ్లు కొట్టుకుంది.
పోతోందనుకుని పరిగెత్తాను.
దాలమ్మ నవ్వింది: "సావట్లేదే, తానమాడతంది."
బూడిదంతా ఎగజిమ్మి, కళ్లు మూసుకుని
పొర్లుతోంది, పొర్లుతోంది.
మిషన్లో పుట్టిన పిల్ల, తల్లి మొహం ఎరగదు.
మిగతావి చుట్టూ చేరి చూశాయి,
మొదటిసారి ఎడమెడంగా.

ఆ సాయంత్రం బోరింగు దగ్గర ఆలస్యమైంది.
గూట్లో టార్చి వేశాను.
దండెం మీద ఆరు. నేల మీద నాలుగు.
నాలుగింటినీ ఎత్తి పెట్టాను.
మిగిలిన ఆరుసార్లకీ నా చేతులకి పనేం ఉంది?
గోనెతెర పట్టుకుని
కాసేపు అలాగే ఉన్నాను.
ఏటి గట్టున ముంగిస తిరుగుతోంది మరి,
గడియ పెట్టక తప్పలేదు.